పలకరాయి కింద ద్యూసెన్

మధ్యాహ్నం రెండు కొట్టకముందే ఆ అపార్టుమెంటులో ఒకే మెట్లదారి ఇళ్ళ ఆడవాళ్ళంతా జౌరే ఇంటికి చేరేవాళ్ళు. ఎవరి కప్పు వాళ్ళు తెచ్చుకునేవాళ్ళు. జౌరే అత్త బల్జాన్ పాలు పోసి టీ కాచేది. కిటికీ పక్కన బల్ల మీద చేపల తొట్టి ఉండేది. దాని అడుగున సన్నటి ఇసుక, ఆ ఇసుకలో మీసాలు దూర్చి వెతుక్కునే మచ్చల జెల్లలు ఎనిమిది. బొటనవేలంత చేపలు. ఒకదాన్నొకటి తరమవు, కరవవు. కిందే తిరుగుతాయి, కింద పడ్డదే తింటాయి.

ఆ మెట్లదారి నుంచి బొగ్గుబాయిలోకి దిగే మగవాళ్ళు కూడా ఎనిమిది మందే. అందరిదీ ఒకే జట్టు. పొద్దున ఆరింటికి వాళ్ళు లిఫ్టులో దిగుతుంటే, ఇక్కడ చేపలు ఇసుక మీదికి దిగేవి. రెండింటికి ఎవరు పైకొస్తే వాళ్ళ చేప నిట్టనిలువుగా ఎగిరి, నీటి పైన ఒక గుక్క గాలి మింగి, మళ్ళీ కిందికొచ్చేది. ఆ గుక్క చూసుకున్న ఇల్లాలు కప్పు కడుక్కుని, పొయ్యి మీద మాంసం పెట్టడానికి వెళ్ళిపోయేది.

"మావాడు చూడు, అందరికంటే ఆఖరున," అనేది పైఅంతస్తు ఫ్ల్యూరా. ఆమె భర్త నయీల్ చేపకి ఒకవైపు మీసం పొట్టి. "బాయిలో కూడా కబుర్లే అయ్యుంటాయి."

అందరూ నవ్వేవాళ్ళు. జౌరేకి మాత్రం నవ్వు వచ్చేది కాదు. పెళ్ళయి పదకొండేళ్ళయినా ఆమెకి భయం పాతబడలేదు. ఆరు నుంచి రెండు దాకా ఏ పని చేస్తున్నా చూపు తొట్టి మీదే ఉండేది. ఆమె భర్త ద్యూసెన్ చేప అన్నిటికంటే లావు, ముక్కు మీద నల్ల మచ్చ. పైకి రావడానికి బద్ధకిస్తుంది.

"నువ్వట్లా గుడ్లప్పగించి చూస్తుంటే నాకు కింద వీపు దురద పెడుతుంది," అనేవాడు ద్యూసెన్. "కాస్త అటు తిరిగి కూర్చోవే."

తొట్టిలో చెయ్యి పెట్టి చేపని ముట్టుకోకూడదని అందరికీ తెలుసు. మూడో అంతస్తులో ఉండిన మార్తా ఒక గాలివాన రోజున తాళలేక, మొగుణ్ణి పైకి తెచ్చేసుకుందామని వలతో చేపని తీసింది. అది ఎగిరి నేల మీద పడింది. ఆ రోజు అతన్ని నలుగురు మోసుకొచ్చారు. ఆ తర్వాత మార్తా ఊళ్ళో ఉండలేదు.

ఫిబ్రవరిలో ఒకరోజు, పదకొండవుతుండగా, మంచుగాలి కిటికీలని కొడుతోంది. జౌరే బంగాళాదుంపలు చెక్కు తీస్తుంటే తొట్టిలో టక్కున చప్పుడయింది. వెళ్ళి చూసింది. నీడ కోసం రెండు గులకరాళ్ళ మీద ఆనించి పెట్టిన పలకరాయి ఒక పక్క జారిపోయింది. ఆరు చేపలు మూలకి వచ్చి అద్దానికి అంటుకుపోయాయి. రెండు కనబడలేదు.

జౌరే చెంచా తీసుకుని, పైఅంతస్తు దాకా వెళ్ళే వేడినీళ్ళ గొట్టం మీద గట్టిగా కొట్టింది. పైఅంతస్తు నుంచి ఫ్ల్యూరా చెప్పులు లేకుండా దిగివచ్చింది. ఇద్దరూ మోకాళ్ళ మీద కూర్చుని అద్దంలోంచి చూశారు.

పలక కింద ద్యూసెన్ చేప అడ్డంగా ఉంది. తోక బయటికి ఉంది. వీపు మీది ముల్లు నిటారుగా లేచి పలకకి ఊతంగా నిలబడింది. దాని వెనక, మూల సందులో, పొట్టి మీసం చేప. పలక మొత్తం ఆ ఒక్క ముల్లు మీద ఆగి ఉంది.

అప్పుడే దూరంగా బాయి దగ్గర సైరన్ మోగడం మొదలైంది.

"రాయి ఎత్తెయ్," అంది ఫ్ల్యూరా.

జౌరే చెయ్యి నీళ్ళలో పెట్టి పలక అంచు పట్టుకుంది. మొన్న ఆదివారం ఒంటిచేత్తో తీసి కడిగిన పలకే. ఇప్పుడు వెంట్రుకవాసి కదల్లేదు. కొండని పట్టుకున్నట్టుంది.

చెయ్యి నీళ్ళలోనే ఉంది. ద్యూసెన్ తోక వేళ్ళకి అందేంత దగ్గర్లో ఉంది. రెండు వేళ్ళతో పట్టి లాగితే బయటికొచ్చేస్తాడు. మార్తా వల వాడింది, నేను చేత్తో, నీళ్ళలోనే లాగుతాను గదా అనుకుంది. ఆమె చూపు ఎక్కడుందో ఫ్ల్యూరా చూసింది.

"లాగుతావా?" అంది మెల్లగా. "నీ వాణ్ణి లాగితే నా వాడి మీద కూలుతుంది, జౌరే."

"తెలుసక్కా."

"తెలిసీ లాగుతావా?"

జౌరే వేళ్ళు అప్పటికే తోక వైపు జరిగాయి. ఫ్ల్యూరా ఆ చేతిని పట్టుకుని ఆపలేదు, ఏడవలేదు, చూస్తూ ఉండిపోయింది. నీళ్ళలో ఆ ముల్లు సన్నగా వణికి, కొద్దిగా వంగింది.

జౌరే కళ్ళు మూసుకుని, తోక జోలికి పోకుండా, రెండు వేళ్ళు పలక కింద పెట్టింది.

బరువు దిగింది. ఎముక చిట్లిన చప్పుడు ఫ్ల్యూరాకి కూడా వినబడింది. జౌరే కళ్ళలోకి చెమట కారింది. బల్జాన్ గోడ పట్టుకుని వచ్చి కోడలి నడుము చుట్టూ చేతులు వేసి పట్టుకుంది.

ఏదో చల్లగా, నున్నగా వేళ్ళ సందులోంచి జారింది. పొట్టి మీసం చేప బయటపడి పైకి ఎగిరి గుక్క మింగింది.

ఫ్ల్యూరా అది చూసింది. ఇక ఆమె లేచి వెళ్ళిపోవచ్చు. లేవలేదు. చేతులు భుజాల దాకా నీళ్ళలో ముంచి జౌరే మణికట్టుని కింద నుంచి ఎత్తిపట్టింది.

"నీ వాణ్ణి రమ్మను. తొందరగా రమ్మను."

"ముల్లు దించు," అంది జౌరే పళ్ళ బిగువున. "నేను పట్టుకున్నాను. దించు."

ముల్లు దిగలేదు. ఆ చేప ఎవరి మీద భారం వెయ్యాలన్నా ఒప్పుకోని మనిషిది.

బల్జాన్ అద్దానికి మొహం ఆనించింది. "ఒరేయ్ ద్యూసెన్. పెళ్ళాం చెప్తే ఎప్పుడు విన్నావు గనక. అమ్మని, నేను చెప్తున్నా. చాలు, నాన్నా. వదిలేసి రా."

ముల్లు మెల్లగా వీపు మీదికి వాలింది. చేప వెనక్కి వెనక్కి జరుగుతూ బయటికొచ్చింది. ఫ్ల్యూరా జౌరే చేతిని ఒక్క గుంజు గుంజింది. పలక కూలి ఇసుకలో కూరుకుపోయింది. అడుగు నుంచి నల్లటి దుమ్ము లేచి తొట్టంతా తారులా అయిపోయింది.

ఏమీ కనబడలేదు. ముగ్గురూ ఊపిరి బిగబట్టి నీళ్ళ మీదికి వంగారు. బయట సైరన్ ఆగిపోయింది. అది ఆగడం ఇంకా భయంగా ఉంది. జౌరే చేతిలోంచి రక్తం చుక్కలు చుక్కలుగా బల్ల మీద పడుతోంది, ఎవరూ గుడ్డ కోసం లేవలేదు. ఎంతసేపు అలా ఉన్నారో వాళ్ళెవరూ తర్వాత చెప్పలేకపోయారు.

చీకటి నీళ్ళ మీద ఎక్కడో చిన్నగా ఒక గుటక వినబడింది.

"అదే," అంది బల్జాన్, నేల మీద కూలబడిపోతూ. "వాడి గుక్కే. నాకు తెలుసు."

సాయంత్రం నయీల్ తలకి కట్టుతో వచ్చి చెప్పాడు. బాయి పైకప్పు కూలి నేలకి మూరెడు ఎత్తులో ఆగిందట. అంతకు ముందు ద్యూసెన్, కప్పుకి ఊతంగా పెట్టిన దుంగ పగిలితే, దానికి వీపు ఆనించి మోశాడట. దుంగ విరిగాక కూడా, ఇద్దరూ పాక్కుంటూ బయటపడేదాకా, కప్పు పూర్తిగా దిగలేదట. "పోరా బయటికి, నేనొస్తా అన్నాడు. వాడు రాడనుకున్నా." చెబుతూ చెబుతూ జౌరే చేతి కట్టు చూసి ఆగిపోయాడు. ఫ్ల్యూరా అతని ముందు టీ పెట్టింది.

ద్యూసెన్ మూడు వారాలకి ఆసుపత్రి నుంచి ఇంటికొచ్చాడు. తొట్టిలో నీళ్ళు తేరుకున్నాయి, అతని చేప మాత్రం అడుగుకి దిగడం మానేసింది. నీటి పైన తేలే ఆకుల మధ్యే ఉంటోంది. మేత వేస్తే మిగతావి కింద వెతుక్కునేవి. ఇది పైనుంచి తొంగిచూసేది, దిగేది కాదు. బల్జాన్ మేతని వేళ్ళతో నలిపి నీటి మీదే చల్లేది.

ద్యూసెన్ మళ్ళీ పనిలోకి వెళ్ళాల్సిన రోజుకి ముందురోజు జట్టు మేస్త్రీ గెన్రిఖ్ వచ్చాడు. టీ తాగాడు. తొట్టి ముందు టోపీ తీసి, ఆకుల మధ్య చేపని చూశాడు.

"బాయి పైన దీపాల గదిలో మనిషి కావాలి," అన్నాడు. "దిగేవాళ్ళకి దీపాలివ్వడం, వచ్చాక తీసుకోవడం. జీతం తక్కువ."

ద్యూసెన్ చేప వంక చూశాడు. అతనికి కోపం వస్తుందని జౌరే అనుకుంది. అతను తలూపాడంతే.

ఆమె రెండు వేళ్ళూ మళ్ళీ వంగలేదు. గోరువెచ్చటి నీళ్ళలో పెట్టి రుద్దమన్నాడు డాక్టరు. ద్యూసెన్ రోజూ పనినుంచి రాగానే గిన్నెలో నీళ్ళు పట్టుకొచ్చి ఎదురుగా కూర్చుని రుద్దేవాడు. బాయిలో పనిచేసే వాళ్ళ కనురెప్పల అంచున బొగ్గు గీత ఉంటుంది, ఏ సబ్బుకీ పోదు. ఏప్రిల్‌లో ఒక మధ్యాహ్నం అతను తల వంచి రుద్దుతుంటే, జౌరేకి ఆ రెప్పలు వట్టి రెప్పల్లా కనబడ్డాయి. ఇంకా దగ్గరికి వంగి చూసింది. గీత లేదు.

"ఏంటే అట్లా చూస్తావు?"

ఆమె లేచి వెళ్ళి మంచం మీద పడుకుంది. చెయ్యి తడిగానే ఉంది. పట్టపగలు, పదకొండేళ్ళలో మొదటిసారి, గురక పెట్టి నిద్రపోయింది.