రెండో నొక్కు

అత్తయ్య పెట్టె సర్దుకుని గుమ్మంలో కూర్చుందన్న కబురు అందగానే వాళ్ల మేనల్లుడైన మెకానిక్ చేతులకున్న గ్రీజు కూడా కడుక్కోకుండా పరుగెత్తుకొచ్చాడు. వచ్చి చూస్తే, మావయ్య ఎప్పటిలాగే ముందుగదిలో మోటార్ సైకిల్ మీద కూర్చుని ఉన్నాడు. ముఖంలో మాత్రం కత్తివాటుకు నెత్తుటి చుక్క లేదు.

ముందుగదిలో మోటార్ సైకిల్ ఏమిటని అడక్కండి. ఆ ఇంట్లో కుర్చీలు చుట్టాలకి, బండి మావయ్యకి. వాళ్ల పెళ్లికన్నా పాతది అది. ఉద్యోగం నుంచి దిగిపోయాక ఆయన దాన్ని రోడ్డు మీద తిప్పడం మానేసి, వెనక చక్రం గాల్లోకి లేచేలా స్టాండు వేసి, సోఫా ఉండాల్సిన చోట నిలబెట్టాడు. పేపరు చదవడం దాని మీదే, టీ తాగడం దాని మీదే, ఆఖరికి అలగడం కూడా దాని మీదే.

అలక సంగతి చెప్పాలంటే కొంచెం వెనక్కి వెళ్లాలి. ఒకసారి ఏదో మాటా మాటా పెరిగి అత్తయ్య, "మీరు నోరు తెరిచేకన్నా ఆ బండి చప్పుడే నయం!" అనేసింది. కోపంలో అన్న మాట. ఇంకెవరైనా అయితే ఒక పూట అన్నం మానేసి ఊరుకుంటారు. మన మహానుభావుడు ఆ మాట పట్టుకుని వేలాడాడు. ఆనాటి నుంచి ఆవిడతో నోరు విప్పితే ఒట్టు! ఆవిడ ఏదడిగినా కాలితో గేరు లివరు నొక్కుతాడు. ఒక టక్కంటే అవును, రెండు టక్కులంటే కాదు. గేరు సరిగ్గా పడడానికి ఒక చేత్తో వెనక చక్రాన్ని మెల్లగా తిప్పుతూ ఉంటాడు. జవాబు అయ్యాక మళ్లీ న్యూట్రల్‌కి తెచ్చి పెడతాడు. అంత పద్ధతి గల మనిషి మరి.

చెప్పుకుంటే నవ్విపోతారుగానీ, కాపురం అలాగే సాగింది. "కూరలో ఉప్పు సరిపోయిందా?" టక్. "పెరటి తలుపు గడియ వేశారా?" టక్ టక్. ఇరుగుపొరుగు జాలిపడబోతే అత్తయ్య ఊరుకునేది కాదు. "మీ ఆయన అడిగిన ప్రతిదానికీ జవాబు చెబుతాడా? మా ఆయన చెబుతాడు" అని ఎదురు తిరిగేది.

"ఏమైంది అత్తయ్యా?" అన్నాడు మెకానిక్, పెట్టె వైపు చూసి.

"మా చెల్లెలి దగ్గరికి పోతున్నానురా. సాయంత్రం బస్సు. నిన్న ప్రాణం విసిగి, నేను వెళ్లిపోతే మీకు హాయిగా ఉంటుందా అని అడిగాను. టక్ అన్నాడు. ఒక్కటే టక్."

"రెండు నొక్కానురా!" మావయ్య మేనల్లుడి వైపు తిరిగి లబోదిబోమన్నాడు. మిగతా లోకంతో ఆయన గొంతు బాగానే పనిచేస్తుంది. "రెండోది పలకలేదు. లివరు ఇదిగో, చచ్చిన చేపలా వేలాడుతోంది. చెప్పరా మీ అత్తకి!"

"రాయబారాలు నాకొద్దు. నా చెవులు బాగానే ఉన్నాయి" అంది అత్తయ్య. "మనసులో మాట కాలితో బయటపడింది. ఇప్పుడు నాలుక మడతేస్తున్నాడు."

తల్లి పోయాక ఆకలేస్తే మెకానిక్ వచ్చి పడేది ఈ ఇంటికే. 'ఒక్క మాట నోటితో చెప్పి చావొచ్చుగా' అని తిట్టాలనిపించిందిగానీ, ఆ మొండిఘటం సంగతి తెలిసినవాడే కనుక నోరు మూసుకుని సంచిలోంచి పానాలు తీశాడు.

ముందు క్లచ్ వైరు లాగి చూశాడు. బిగువుగానే ఉంది. లివరు ఇరుసు మీద వదులైందేమోనని బోల్టు తిప్పాడు, కదల్లేదు. తర్వాత గేర్‌బాక్స్ కింద ఒక పళ్లెం పెట్టి ఆయిలంతా దింపి, అందులో వేళ్లు ముంచి ఇనప రజను కోసం తడిమాడు.

"అయ్యో అయ్యో, అది నేను అన్నం తినే కంచం రా!" అంది అత్తయ్య.

"వెళ్లిపోయేదానివి, నీకెందుకు?" అని మెకానిక్ వేళ్లు పైకి తీశాడు. "రజను లేదు. లోపలి చక్రాల పళ్లు చెక్కుచెదరలేదు మావయ్యా, మీ పళ్లకన్నా గట్టిగా ఉన్నాయి. జబ్బు పైపైనే ఉంది."

పక్క మూత విప్పగానే దొంగ దొరికాడు. నొక్కిన లివరును మళ్లీ పైకి తెచ్చే స్ప్రింగు రెండు ముక్కలై కింద పడింది. రోడ్డు మీద తిరిగే బండికి ఎన్నాళ్లయినా ఉండాల్సిన స్ప్రింగు అది. కూర్చున్న చోట కూర్చుని కూరలో ఉప్పు గురించి జవాబులు చెప్పీ చెప్పీ అరిగిపోయింది. మెకానిక్ గేర్లు మార్చే పళ్లచక్రాన్ని గుడ్డతో తుడిచి, టార్చి వేసి చూశాడు. ఒక్కసారిగా కేక పెట్టాడు.

"అత్తయ్యా, ఇటు రా! మొదటి పన్ను తిరిగింది, అది నువ్వు విన్న టక్కు. ఇదిగో, రెండో పంటి అంచు మీద కొత్త గీత. కాలు రెండోసారి కూడా పడింది. అప్పుడే స్ప్రింగు విరిగి, పంటిని తోసే కొక్కెం జారిపోయింది. మావయ్య రెండు నొక్కాడు!"

అత్తయ్య వంగి గీత చూసింది. కొంగుతో తుడిచి మరీ చూసింది. చెరిగిపోలేదు.

"గీతతో నాకేం పని? ఆయన్ని చెప్పమను."

చెప్పాలంటే స్ప్రింగు కావాలి. ఆ బండి స్ప్రింగులు దుకాణాల్లో ఎప్పుడో మాయమైపోయాయి. మెకానిక్ ఇల్లంతా గాలించి, చివరికి వీధి గేటు దానంతటదే మూసుకోవడానికి బిగించిన స్ప్రింగు ఊడబెరుక్కొచ్చాడు. దాన్ని కోసి, పట్టకారుతో వంచి, విరిగిన ముక్కల పక్కన పెట్టి కొలుచుకుంటూ చెమటోడ్చి ఒక రూపానికి తెచ్చాడు. మూత బిగించి ఆయిలు పోసేసరికి వీధిలో నీడలు పొడుగయ్యాయి. అత్తయ్య అప్పటికే పెట్టె పట్టుకుని లేచి నిలబడింది.

"అడుగు అత్తయ్యా" అన్నాడు మెకానిక్.

"నేను వెళ్లిపోతే మీకు హాయిగా ఉంటుందా?"

మావయ్య చక్రాన్ని తిప్పుతూ నొక్కాడు. టక్. కొత్త స్ప్రింగు మూలిగింది. లివరు పైకి లేచింది. మళ్లీ నొక్కాడు. టక్.

మెకానిక్ 'హమ్మయ్య' అనుకున్నాడు. అత్తయ్య మాత్రం కదల్లేదు. పెట్టె చేతిలోనే ఉంది.

"సరే, హాయిగా ఉండదు. మరి నేనెందుకు ఉండాలి?"

ఇన్నేళ్లలో ఆవిడ అవునూ కాదులతో తేలని ప్రశ్న ఒక్కటీ అడగలేదు. మావయ్య కంగారుగా లివరు నొక్కాడు. మూడో గేరు పడింది. ఇంకోసారి నొక్కాడు. నాలుగు. మళ్లీ నొక్కాడు, ఏమీ పడలేదు. ఆ బండికి అంతకు మించి గేర్లు లేవు. ఆయన పాపం దిక్కుతోచక మేనల్లుడి ముఖం చూశాడు. గేర్‌బాక్స్ బాగుచేయడం వరకే తన పని అన్నట్టు మెకానిక్ పానాలు తుడుచుకుంటూ కూర్చున్నాడు.

అత్తయ్య గుమ్మం దిగింది. గేటు తెరిచింది. స్ప్రింగు లేని గేటు తెరిచింది తెరిచినట్టే ఉండిపోయింది.

"నువ్వు..." అన్నాడు మావయ్య. ఆమె కోసం దాచిపెట్టిన గొంతు తుప్పు పట్టినట్టు కీచుమంది. గొంతు సవరించుకుని మళ్లీ మొదలుపెట్టాడు. "నువ్వు పోతే, నేను ఎవరికి జవాబు చెప్పనే?"

అత్తయ్య గేటు వదిలి వెనక్కొచ్చి, పెట్టె గుమ్మంలో దించి, కళ్లు ఒత్తుకుంది.

"బండి చప్పుడుకన్నా కాస్త నయమే" అంది. "టీ పెట్టనా?"

మావయ్య నోరు తెరిచాడు. ఏమనుకున్నాడో ఏమో, మళ్లీ మూసి న్యూట్రల్‌కి తెచ్చుకుని, కాలితో ఒక్కసారి నొక్కాడు.