విప్పిన కుట్లు

చొక్కా భుజం దగ్గర కుట్టు విప్పుతూ కూర్చుంది ఆమె. తన కుట్టు యూనిట్‌లో ఆడవాళ్ళు ఆ పూట కుట్టిన చొక్కానే అది. షాపుకి పంపుతున్నానని వాళ్ళకి చెప్పి ఇంటికి తెస్తుంది. కుట్లన్నీ విప్పి, ఇస్త్రీ చేసి, మర్నాడు కొత్త ఆర్డరని మళ్ళీ వాళ్ళ ముందే పెడుతుంది. ఆర్డర్లు ఆగిపోయి చాలా కాలమైంది. మిషన్ల చప్పుడు కూడా ఆగితే తన గుండె ఆగుతుందని ఆమె భయం. జీతాలకి ఒంటిమీది బంగారం కరిగిపోతోంది. మెడ బోసిగా ఉందేమని ఇంట్లో ఒక్కరూ అడగలేదు.

"ఆడదాని వ్యాపారం, మూణ్ణాళ్ళ ముచ్చట" అన్నారు అత్తగారు మొదట్లో. ఆ ఒక్క మాట అబద్ధం చెయ్యాలనే ఇన్నేళ్ళూ పళ్ళబిగువున లాక్కొచ్చింది. మొన్న ఇక చేతకాక "మూసేద్దామనుకుంటున్నానండీ" అంటే, ఆయన కంచంలోంచి తలెత్తలేదు. "పట్టు వదలకూడదు. నా పెళ్ళాం మొండిఘటమని నలుగురికీ చెప్పుకున్నాను, నా పరువేం కావాలి? మంచినీళ్ళియ్యి" అన్నాడు. ఆమె మొండితనం వల్ల పేరు ఆయనకి, నడుంనొప్పి ఆమెకి. లేచి నీళ్ళిచ్చింది.

మర్నాడు ఆ విప్పిన గుడ్డలు బల్లమీద పెట్టింది. కాలర్లు కుట్టే పెద్దావిడ ఒకటి తీసి వెలుగుకేసి పట్టుకుంది. అంచంతా సూది రంధ్రాలు. ఆమె గబగబా దగ్గరికొచ్చింది.

"ఏం పిన్నీ?"

"ఇన్నాళ్ళూ పాత రంధ్రాల్లోనే కుట్టుకొచ్చాం తల్లీ, గుడ్డ పాడవకూడదని. ఇంక ఆగదు, చిరుగుతుంది."

"మీకు తెలుసా?"

"తెలీకేం? ఒక్కదానివీ అయిపోతావని ఊరుకున్నాం. కాజాలు కుట్టే పిల్లకి ఆస్పత్రిలో పనొస్తే, నిన్ను వదిలి పోనంది."

అక్కడే కూలబడి ఏడ్చింది. వీళ్ళని నిలబెడుతున్నాననుకుంది ఇంతకాలం, కాళ్ళకి అడ్డంపడుతున్నానని తెలియనేలేదు. ఎంత సిగ్గుగా ఉందో, అంత తేలిగ్గానూ ఉంది. కళ్ళు తుడుచుకుని కాజాల పిల్ల చెయ్యి పట్టుకుంది.

"ఆ పని ఇంకా ఉందేమో, ఇప్పుడే వెళ్ళి అడుగు. నేనూ వస్తా పద."

వెళ్తూ వెళ్తూ మెయిన్ స్విచ్ తనే కట్టేసింది.

సాయంత్రం ఆయన చొక్కా ఒకటి ఆమె ఒళ్ళో పడేశాడు.

"గుండీ ఊడింది, కుట్టు."

ఆమె సూదీ దారం తీసి చొక్కాతో సహా ఆయన చేతిలో పెట్టింది.

"ఇవాళ కుట్టుపని మూసేశానండీ, అక్కడా ఇక్కడా."