ఎక్కడా ఆగకుండా

చావింటి నుంచి నేరుగా సొంతింటికి వెళ్లకూడదు. దారిలో ఎక్కడో ఒక చోట ఆగాలి. కాఫీ కొట్టో, బేకరీయో, ఏదైనా సరే. కాసేపు కూర్చుని, నోట్లో ఇంత వేసుకుని, పోయినవాళ్లు వెంట వస్తుంటే అక్కడే దులిపేసుకుని అప్పుడు ఇల్లు చేరాలి. ఫిలిప్పీన్స్‌లోని మా బతంగాస్‌లో చంటిపిల్లలకు కూడా తెలిసిన సంగతి ఇది. మిలాన్ వచ్చి ఇరవై రెండేళ్లయినా ఈ ఒక్క విషయంలో నేను రాజీపడలేదు. మా వాటాలో నలుగురం ఆడవాళ్లం ఉంటాం, అందరం ఇళ్లల్లో పనిచేసేవాళ్లమే. వయసులో పెద్దదాన్ని కాబట్టి పెత్తనం నాది. నా చాదస్తం చూసి వెనకాల నవ్వుకుంటారని తెలుసు. నవ్వుకోనీ.

రోసెండా వాళ్లమ్మ డిసెంబరు రెండో వారంలో పోయింది. రోసెండా మా దగ్గర చేరి తొమ్మిదేళ్లు. దానికి కాగితాలు లేవు. ఊరికి వెళ్తే మళ్లీ ఇక్కడికి రానివ్వరు, ఇక్కడికి రాకపోతే అక్కడ దాని ముగ్గురు పిల్లల చదువు ఆగిపోతుంది. ఆ పిల్లల్ని పెంచింది కూడా ఆ తల్లే. ప్రతి క్రిస్మస్‌కీ ఇది ఫోన్లో "వచ్చే ఏడు తప్పకుండా వస్తానమ్మా" అనేది. ఆవిడ ప్రతిసారీ నమ్మేది.

అంత్యక్రియలు ఫోన్లో చూపిస్తానని తమ్ముడు రోహెల్ చెప్పాడు. ఫోన్లోనైనా సరే, చావును ఇంట్లోకి తెచ్చుకోవడం నాకు ఇష్టం లేదు. అందుకని ఆదివారం పొద్దున్నే అందర్నీ చర్చి వెనక గదికి తీసుకెళ్లాను. ఆ చిన్న తెర చుట్టూ తలలు చేర్చి చూశాం. పెట్టె మూసేముందు రోసెండా, "అమ్మ చెయ్యి చూపించరా" అని అడిగింది. రోహెల్ చూపించాడు. పెద్దల చెయ్యి తీసుకుని నుదుటికి ఆనించుకోవడం మా మర్యాద. ఇది ఫోనునే నుదుటికి ఆనించుకుంది. అంతలో సిగ్నల్ పోయింది. మళ్లీ వచ్చేసరికి మట్టి వేయడం కూడా అయిపోయింది.

బయటికొచ్చాక దాన్ని మూలమీది బేకరీ వైపు మళ్లించాను.

"పద, వేడిగా ఏదైనా తాగుదాం."

"నేను రాను ఎర్లిండక్కా. ఇంటికెళ్తాను."

"ఐదు నిమిషాలేనే. ఒక బన్ను కొరికి వెళ్దాం."

"నేనెక్కడా ఆగను."

"మతిపోయిందా నీకు? వెంట వస్తుంది."

"రావాలనే."

మా లూర్దిటా గబగబా శిలువ గీసుకుంది. "తల్లీ, నీ పక్క మంచం నాది. గుర్తుందా?"

"భయమైతే వంటింట్లో పడుకో" అని దానికి చెప్పి, రోసెండా నా వైపు తిరిగింది. "అమ్మ ఊరు దాటి ఎరగదక్కా. మనీలా కూడా జన్మకొక్కసారే చూసింది. ఇక్కడ ఈ ట్రాములూ, ఈ వీధులూ ఆవిడకేం తెలుస్తాయి? నేను మధ్యలో ఆగితే తప్పిపోతుంది."

మా అమ్మ పోయినప్పుడు నేనూ ఇక్కడే ఉన్నాను. బుద్ధిగా బేకరీలో కూర్చుని, బన్ను తిని, శుభ్రంగా దులిపేసుకునే ఇంటికెళ్లాను. ఇన్నేళ్లలో ఒక్కసారైనా ఆవిడ నన్ను వెతుక్కుంటూ రాలేదు. మొండివాడు రాజుకన్నా బలవంతుడంటారు, ఇక దీన్ని ఆపలేదు. ట్రాము ఎక్కాక రోసెండా తలుపు దగ్గర నుంచి కొంచెం పక్కకి జరిగి, వెనక ఎవరో ఎక్కడానికి చోటిచ్చింది. వెనక ఎవరూ లేరు.

పోయినవాళ్లు వస్తే గోధుమరంగు సీతాకోకచిలుకై ఇంట్లోకి వస్తారని మా నమ్మకం. డిసెంబరులో మిలాన్‌లో ఈగ కూడా ఎగరదు. అయినా రోసెండా రోజూ కిటికీ తెరిచి పెట్టేది. భోజనాల దగ్గర తన పక్కన ఇంకో కంచం పెట్టి అన్నం వడ్డించేది.

"దయ్యం సంగతి దేవుడెరుగు, నిమోనియా మాత్రం ఖాయం" అని లూర్దిటా దుప్పటి కప్పుకునే తినేది.

వారం గడిచినా ఏమీ రాలేదు. దాని ముఖం చూడలేకపోయాను. జన్మంతా దయ్యాల్ని గుమ్మం బయటే ఉంచినదాన్ని, ఒక దయ్యం రావాలని కొవ్వొత్తి వెలిగించి మొక్కుకున్నాను.

క్రిస్మస్ ముందు రోజు రాత్రి మేం యజమానుల ఇళ్లల్లో వడ్డించాలి. అందుకే మా పండగ సాయంత్రం ఐదింటికే, మా ఊళ్లో అర్ధరాత్రి కొట్టే వేళకి. నూడుల్స్, హామ్ ముందు పెట్టుకుని కూర్చున్నాం. సరిగ్గా ఐదింటికి రోహెల్ ఫోన్ చేశాడు. వెనకాల పిల్లల అరుపులు.

"అక్కా, ఒక వింత చెప్పనా? మట్టి వేసిన రోజు నుంచీ ఇంట్లో ఇంత పెద్ద సీతాకోకచిలుక. అమ్మ ఎప్పుడూ కూర్చునే చోటే, వీధి గుమ్మం మీద. రోడ్డు వైపే తిరిగి ఉంది. పిల్లలు అమ్మమ్మే అంటున్నారు."

లూర్దిటా సంతోషంగా చప్పట్లు కొట్టింది. రోసెండా కొట్టలేదు.

"ఫోను దాని దగ్గర పెట్టరా" అంది.

గుమ్మం మీద మచ్చలా కనిపించింది, రెక్కలు పరుచుకుని.

"అమ్మా" అంది రోసెండా. "చలిలో ఎందుకే అక్కడ కూర్చుంటావు? నేను రానమ్మా. వచ్చే ఏడూ రాను. ఇంక నా కోసం చూడకు. వెళ్లిపో."

పిల్లల అరుపులు ఆగిపోయాయి. రోహెల్ గొంతు చిన్నగా వినిపించింది.

"వెళ్లట్లేదక్కా."