నాలుగున్నర నుంచి ఆరు దాకా

ఆదివారం సాయంత్రం హేమలత వాళ్ళ నాయన వీరప్పని గోరంట్ల రోడ్డు మీది రెస్టారెంట్లో కూర్చోబెట్టి, తాను మాత్రం కూర్చోలేక అద్దాల తలుపు దగ్గర నిలబడింది. కార్ల ఫ్యాక్టరీలో తనతో పనిచేసే భరత్‌కుమార్‌ని తప్ప ఇంకెవరినీ చేసుకోనని ఆ పిల్ల పంతం. వీళ్ళు ముదిగుబ్బలో గొర్రెలు మేపుకునేవాళ్ళు, వాళ్ళు హిందూపురంలో బట్టల షాపున్న శెట్లు. రెండేళ్ళు బిగుసుకున్న పెద్దలు ఎట్లాగో మెత్తబడి, ఇవాళ ఒకచోట కూర్చుని మాట్లాడుకుందామన్నారు. రోజు వాళ్ళు చెప్పారు. చోటూ టైమూ హేమలత పెట్టింది. పంచాంగం చూసి పెట్టిందా మహాతల్లి? లేదు, హ్యాపీ అవర్ బోర్డు చూసి పెట్టింది. నాలుగున్నర నుంచి ఆరు దాకా ఒక ప్లేటు తీసుకుంటే ఇంకో ప్లేటు ఫ్రీ.

నాలుగూ ముప్పై అయిదుకి వాళ్ళ కారు వచ్చి రోడ్డు అవతల ఆగింది. ఒక్కరూ దిగలేదు.

హేమలత బయటికి వెళ్ళి దండం పెట్టింది. వెనక సీట్లోని ముసలావిడ, భరత్ వాళ్ళ అవ్వ ఆదిలక్ష్మి, ఈ పిల్లని చూసి గబగబా కారు అద్దం పైకెక్కించేసింది.

హేమలత వెనక్కి తిరిగి లోపలికొచ్చింది. బోర్డు చదివి, ఫ్రీ ప్లేట్లకి పిలిచిందని చులకనైపోయానా? తలుపు అద్దంలోంచి నాయన పాత తువ్వాలు కనబడిందా? భరత్‌ని అడుగుదామంటే వాడు షిఫ్టులో ఉన్నాడు, ఫోను లాకర్లో ఉంది.

"మేడం, ఆరు దాటితే ఆఫర్ ఉండదు. ఏం తెమ్మంటారు?" సర్వర్ అడగడం ఇది మూడోసారి.

"పాపా, మొగం మీదే అద్దం ఎక్కిచ్చుకున్నారు. ఇంకేం కావాల మనకు? పోదాం పా," అన్నాడు వీరప్ప.

"ఆరు దాకా ఉండు నాయనా. నీ కాళ్ళు పట్టుకుంటా."

"ఆరు కొడితే లేస్తా. మళ్ళ ఆ పిల్లోని పేరు ఎత్తకూడదు నువ్వు."

హేమలత తలూపింది. అయిదున్నర అయింది. అయిదూ యాభై అయింది. కారు తలుపు కదల్లేదు.

సరిగ్గా ఆరుకి వీరప్ప తువ్వాలు దులిపి భుజాన వేసుకుని లేచాడు. పోయి తలుపు తీశాడు. గడప అవతల, కుడికాలు ముందుపెట్టబోతూ ఆదిలక్ష్మి నిలబడి ఉంది. వెనకే ఆమె కొడుకూ కోడలూ. ముగ్గురూ చెమటకి తడిసి ముద్దయ్యారు.

"ఎవురమ్మా ఈ టైం పెట్టింది?"

"నేనే అవ్వా," అంది హేమలత.

"ఆదివారం నాలుగున్నర నుంచి ఆరు దాకా రాహుకాలం గదమ్మా! ఈడికొచ్చినాంక చూసుకుంటి. ఆ టైంలో తొలిమాట ఆడకూడదని, నువ్వు యాడ పలకరిస్తావో అని అద్దం ఎక్కిచ్చుకుంటి."

వీరప్ప దారి ఇవ్వలేదు. "ఇష్టం లేక దిగలేదనుకుంటిమి."

"ఇష్టం లేకుంటే ఏ కాలమైతే ఏమప్పా? నాలుగున్నరకే దిగి, వద్దని చెప్పి పోయింటిమి. కావాలనుకున్నాం గాబట్టే గంటన్నర ఆ కార్లో ఉడికినాం."

హేమలతకి ఏడుపు ఆగలేదు. ఆఫర్ అయిపోయిందని సర్వర్ ఏదో చెబుతున్నాడు, ఎవరూ వినలేదు. వీరప్ప పక్కకి జరిగి, తలుపు బార్లా తీసి పట్టుకున్నాడు.

"రాండమ్మా," అన్నాడు. "లోపల చల్లగా ఉండాది."