గడియ తీసేవాడు

నా పేరు ఓరెస్ట్ మెల్నిక్. మీరు విని ఉండరు, గుర్తు చేసుకోవాలని తంటాలు పడకండి. పన్నెండేళ్ళు ఐస్ హాకీ ఆడి పొట్ట పోసుకున్నాను. ఆడి అనడం కూడా కొంచెం గొప్పలే. తొమ్మిదేళ్ళు చిన్న లీగుల్లో, బస్సుల్లో పడుకుని లేస్తూ, నిజంగానే ఆడాను. చివరి మూడేళ్ళు పెద్ద లీగులో గేటు తీశాను.

గేటంటే ఆటగాళ్ళ బెంచీకీ మంచుకీ మధ్య ఉండే చెక్క తలుపు. ప్రతి జట్టుకీ ఇద్దరు గోల్‌కీపర్లు ఉంటారు. ఒకడు గోల్‌లో నిలబడతాడు. రెండోవాడు అదే సరంజామా అంతా ఒంటికి కట్టుకుని, నెత్తిన టోపీ, మెడలో తువ్వాలు వేసుకుని, బెంచీ చివర గడియ దగ్గర కూర్చుంటాడు. నిమిషానికోసారి అలిసినవాళ్ళు లోపలికొస్తారు, ఊపిరి తీసుకున్నవాళ్ళు బయటికి పోతారు. వాళ్ళకి గడియ తియ్యాలి, వెయ్యాలి. ఆలస్యమైతే తిట్లు. వేళ్ళు నలిగితే మాత్రం అడిగే దిక్కు లేదు. తల దించుకుని చేసే పని కనక నాకు మొహాలు కనపడేవి కావు. కాళ్ళు చూసి, చప్పుడు విని మనిషిని చెప్పేవాణ్ణి. ఎవడి స్కేటు అంచు మొద్దుబారిందో, ఎవడి బూటుకి స్కేటు పట్టీ బిగించే రివెట్టు వదులైందో వాడికన్నా ముందు నాకే తెలిసేది.

మూడు సీజన్లు, రెండు వందల పదకొండు మ్యాచులు అలా కూర్చున్నాను. ఒక్క నిమిషం ఆడలేదు. మా మొదటి గోల్‌కీపర్‌ని గుండ్రాయి అని పిలిచేవాళ్ళం. వాడికి జలుబైనా చెయ్యదు. ఒక్కసారి మాత్రం కోచ్ డన్‌బార్ "రేపు నువ్వే" అన్నాడు. ఆ రాత్రంతా నాకు నిద్ర లేదు. తెల్లారేసరికి తలుపు తెరుచుకోనంత మంచు కురిసి మ్యాచే రద్దయింది. నెల తర్వాత మళ్ళీ పెట్టినప్పుడు ఆయనకి నా సంగతి గుర్తు లేదు, గుర్తు చెయ్యడానికి నాకు నోరు రాలేదు. అదృష్టం తలుపు తడుతుందంటారు కదా. తలుపు దగ్గరే కూర్చున్నవాణ్ణి, నాకు వినపడకుండా ఎలా పోయిందో!

మాది సస్కాచవాన్‌లో వెర్బా. గోధుమ పొలాలు, ధాన్యం గిడ్డంగి, ఉల్లిపాయ గోపురం ఉన్న చర్చి, రేకుల కప్పు కింద హాకీ ఆడే మంచు మైదానం, అదే రింకు. అంతే ఊరు. రింకు లోపల క్యాంటీన్ పక్క గోడ మీద రెండు ఫోటోలుంటాయి. మా ఊరి నుంచి పెద్ద లీగులో ఆడినవాళ్ళవి. నన్ను పెద్ద లీగు జట్టు తీసుకుందని తెలిసిన రోజునే రింకు చూసుకునే పానస్ మామ మూడో మేకు కొట్టాడు. ఆలూ లేదు చూలూ లేదు, కొడుకు పేరు సోమలింగం. ఫోటో పట్టుకుని వెళ్తే మాత్రం ఎగాదిగా చూశాడు.

"ఆడావా?"

"జట్టులో ఉన్నాను కదా మామా."

"జట్టులో బస్సు డ్రైవరు కూడా ఉంటాడు. ఆడావా లేదా?"

"ఇంకా లేదు."

"అయితే పట్టుకుపో. ఆడితేనే గోడెక్కేది."

ఆ మేకుకి తన టోపీ తగిలించుకున్నాడు. మూడేళ్ళూ అది అక్కడే ఉంది. ప్రతి మ్యాచ్ రేడియోలో వినేవాడు. మ్యాచ్ అయ్యాక నేను ఏ ఊరి హోటల్ నుంచో రింకుకి ఫోన్ చేసేవాణ్ణి. "ఆడావా?" "లేదు." "సరే." టక్కున పెట్టేసేవాడు. ఆ మూడు మాటల కోసం ఫోన్ ఎందుకు చేస్తావని అడుగుతారేమో. ఇంకెవరికి చెయ్యను? పెళ్ళి చేసుకోలేదు. ఏ ఊళ్ళో చేసుకోను? జట్టులో అందరూ స్నేహితులే, కానీ మ్యాచ్ గెలిచాక ఆటగాళ్ళు ఆటగాళ్ళతో తాగుతారు. చెమట పట్టనివాడు ఆ బల్ల దగ్గర కూర్చుంటే వాడికే సిగ్గేస్తుంది. గదికి వచ్చి, తడవని బనీను విప్పి, కిటికీ దగ్గర కూర్చునేవాణ్ణి. ఒంటరితనం అలవాటైపోతుందంటారు. అబద్ధం. నాకు అలవాటు కాలేదు.

మూడో ఏడు ఫిబ్రవరిలో గుండ్రాయి మణికట్టు విరిగింది. పాపం, మనిషి నొప్పితో అరుస్తుంటే నాకు లోపల సంతోషం పొంగింది. దాచడం ఎందుకు. టోపీ తీసి ముసుగు పెట్టుకోబోయాను కూడా. అప్పటికి మ్యాచ్‌లో ఇంకా నలభై సెకన్లే ఉన్నాయి, రెండు జట్లూ సరేననడంతో రిఫరీ ఆట అక్కడితో ముగించేశాడు. మర్నాడు పొద్దున చిన్న లీగు నుంచి ఒక కుర్రాణ్ణి దించారు. ఇరవై ఒక్కేళ్ళు, క్యూబెక్ వాడు, పేరు రెజాన్ తీబో. "జట్టు భవిష్యత్తు వాడేనయ్యా మెల్నిక్, అర్థం చేసుకో," అన్నాడు డన్‌బార్. అర్థం చేసుకున్నాను. ఆ ఒక్క పనిలో నన్ను మించినవాడు లేడు.

వాణ్ణి ద్వేషించాలని గట్టిగానే ప్రయత్నించాను, కుదరలేదు. మొదటి రోజే నా పక్కన చతికిలబడి, "తాతా, ఆ గేటు ఎంత అందంగా తీస్తావు! మా అమ్మమ్మ కోళ్ళగూడు కూడా ఇంత ముద్దుగా తియ్యదు," అన్నాడు. నాకప్పటికి ముప్ఫై మూడు. ఇంకెవడైనా అయితే దవడ పగలగొట్టేవాణ్ణి.

సీజన్ చివరి మ్యాచ్ మా జట్టు సొంత ఊళ్ళోనే. రెండు జట్లూ అప్పటికే పోటీలోంచి బయటపడ్డాయి. గెలిచినా ఓడినా ఎవరికీ పట్టని మ్యాచ్. నా ఒప్పందం ఆ రోజుతో సరి. మధ్యాహ్నం భోజనాల దగ్గర చికెనూ నూడిల్సూ పెట్టుకుని కుర్రాడు నా ఎదురుగా కూర్చున్నాడు.

"వచ్చే ఏడు ఎక్కడ తాతా?"

"వెర్బాలో. రింకులో మంచు తుడిచే బండి నడుపుతాను."

"నిజం చెప్పు."

"నిజమేరా. ఆ గోడ మీద నా మేకుంది, దాన్ని చూసుకుంటూ బతికేస్తాను."

వాడికి అర్థం కాలేదు. పానస్ మామ సంగతి, టోపీ సంగతి, ఫోన్ సంగతి అన్నీ చెప్పాను. నవ్వించడానికే చెప్పాను. వాడు పగలబడి నవ్వాడు. నేనూ నవ్వాను. తర్వాత వాడు ఫోర్కుతో నూడిల్స్ కెలుకుతూ చాలాసేపు తినకుండా కూర్చున్నాడు.

సాయంత్రం కుర్రాడికి పూనకం వచ్చింది. ఎటు కొట్టినా ఆపాడు. చివరిదైన మూడో భాగం సగమయ్యేసరికి మేం అయిదు, వాళ్ళు సున్నా. ఆ సున్నా సంగతి చెప్పాలి. మ్యాచ్ మొదటి నుంచి చివరిదాకా ఒక్కడే నిలబడి ఒక్క గోలూ ఇవ్వకపోతే, రికార్డుల్లో ఆ గోల్‌కీపర్ పేరు పక్కన ఒక సున్నా మ్యాచ్ వేస్తారు. మనిషి సున్నా కోసం ప్రాణం పెట్టేది లోకంలో ఇంకే పనిలోనైనా ఉందేమో నాకు తెలియదు. మధ్యలో ఇంకొకడు అర నిమిషం నిలబడ్డా అది ఎవరికీ దక్కదు. తీబో అప్పటికి పద్దెనిమిది మ్యాచులు ఆడాడు, ఒక్క సున్నా లేదు. బెంచీ మీద ఎవడూ ఆ మాట ఎత్తడం లేదు. ఎత్తితే దిష్టి.

రెండు నిమిషాల పది సెకన్లు మిగిలి ఉండగా ఈల పడింది. ఎవరో పక్‌ని, అదే ఆ నల్ల రబ్బరు బిళ్ళని, ప్రేక్షకుల్లోకి కొట్టారు. తీబో గోల్ వదిలి మా వైపు వస్తున్నాడు. కుంటుతూ వస్తున్నాడు. గడియ తీశాను.

"కోచ్, కుడి స్కేటు పట్టీ ఊగుతోంది. రివెట్టు పోయింది," అన్నాడు.

"ఇప్పుడా! రెండు నిమిషాలు ఆగలేవూ? నీ సున్నా రా!" డన్‌బార్ నెత్తి కొట్టుకున్నాడు.

"నిలబడలేను కోచ్. పడిపోతాను."

రిఫరీ వచ్చి, ఆగడం కుదరదు, ఎవరో ఒకరు గోల్‌లోకి పొండి అన్నాడు. డన్‌బార్ నా వైపు తిరిగి, "మెల్నిక్," అన్నాడు.

ఇక్కడ ఒక మాట చెప్పాలి, ఇది ఇప్పటిదాకా ఎవరికీ చెప్పలేదు. కుర్రాడు గుమ్మం దాటి లోపలికి అడుగు పెట్టినప్పుడు నేను అలవాటుగా వాడి పాదం వైపే చూశాను. వదులైన స్కేటు నేల తగిలితే టక్కుమని రెండు చప్పుళ్ళు వస్తాయి. వాడిది ఒకటే చప్పుడు. రివెట్లన్నీ ఎక్కడివక్కడే ఉన్నాయి. నాకు తెలిసిపోయింది. "ఒరేయ్ పిచ్చోడా, వెనక్కి పో, నీ సున్నా పోతుంది" అనాల్సింది. నోటిదాకా వచ్చింది. అనలేదు. టోపీ తీసి, ముసుగు తగిలించుకుని లేచాను. తెలిసే లేచాను.

గేటు మూసుకుపోయి ఉంది. దాన్ని నేనే తీసుకుని నేనే ఎలా వెళ్ళాలో ఒక్క క్షణం తోచలేదు. రెండు చేతులకీ గోల్‌కీపర్ తొడుగులు. కుర్రాడు తన తొడుగులు విసిరేసి, ఎగిరి వచ్చి నా చోట కూర్చుని గడియ లాగాడు.

"వెళ్ళు తాతా. కోళ్ళగూడు తీశాను," అన్నాడు.

మంచు ఎంత వెడల్పో బెంచీ మీంచి తెలియదు. గోల్ దగ్గరికి వెళ్ళి నిలబడ్డాను. ప్రేక్షకులు సగం మంది అప్పటికే కోట్లు వేసుకుని మెట్ల మీద ఉన్నారు. మైకులో నా పేరు చెప్పారు, మెల్‌నెక్ అని. ఒక నిమిషం గడిచింది. బిళ్ళ నా దగ్గరికే రాలేదు. భగవంతుడా, ఇలాగే పోనీ అనుకున్నాను. కాదు, ఒక్కటి రానీ అని కూడా అనుకున్నాను.

ఒకటి వచ్చింది. వాళ్ళ ఆటగాడు ఒకడు, మనుషులు మారడానికి తీరిక దొరుకుతుందని, మధ్య గీతకి అవతల నుంచి ఊరికే ఇటు విసిరాడు. గోల్ కొట్టాలని కూడా కాదు. బిళ్ళ దొర్లుకుంటూ, గెంతుకుంటూ వస్తోంది. ఎంత నెమ్మదిగా వస్తోందంటే దాని మీద అచ్చేసిన అక్షరాలు కనపడుతున్నాయి. మోకాలు వంచాను, తొడుగు చాచాను. నా ముందు మంచులో ఒక గీరు ఉంది. బిళ్ళ దాని మీద పడి పక్కకి గెంతి నా చేతి కిందుగా లోపలికి పోయింది.

జనం నవ్వారు. చెడ్డ నవ్వు కాదు, సర్కస్‌లో బఫూన్ పడితే నవ్వే నవ్వు. వెనక్కి తిరిగి బిళ్ళని బయటికి తీశాను. అంతే నా ఆట. రెండు నిమిషాల పది సెకన్లు, వచ్చిన బిళ్ళ ఒకటి, పోయిన గోల్ ఒకటి.

మ్యాచ్ గెలిస్తే అందరూ వరసగా వచ్చి గోల్‌కీపర్ తలకి తల ఆనించి వెళ్ళడం మా ఆచారం. ఈల పడ్డాక అందరూ బెంచీలోంచి దూకారు. సగం దూరం నా వైపు వచ్చి ఆగారు. ఎవరి దగ్గరికి వెళ్ళాలో వాళ్ళకి తెలియలేదు. ఒకడు తీబో వైపు తిరిగాడు, అందరూ అటే తిరిగారు. న్యాయమే. నేను గోల్ దగ్గర కాసేపు నిలబడి, మెల్లగా వెళ్ళి, ఎప్పట్లాగే వరసలో చివరి మనిషిగా నిలబడ్డాను. నా వంతు వచ్చేసరికి కుర్రాడు నా ముసుగు మీద చెయ్యేసి, "ఆడావు తాతా," అన్నాడు. నాకు ఏడుపొచ్చింది. ముసుగుండటం మంచిదైంది.

రింకుకి ఫోన్ చేశాను. ఈసారి పానస్ మామ ఆడావా అని అడగలేదు.

"విన్నాను. బిళ్ళ ఎక్కణ్ణించి కొట్టాడు?"

"గీత అవతల నించి."

"మా కుక్క ఆపేది."

"అవును మామా."

"సరే, ఫోటో పంపు," అన్నాడు. ఈసారి ఫోన్ ముందు నేనే పెట్టాను.

ఫోటో ఎక్కడిది? నేను గోల్‌లోకి వెళ్ళేసరికి పత్రికవాళ్ళు కెమెరాలు సర్దేసుకున్నారు. జట్టు ఆఫీసులో ఆ రాత్రి తీసినవి వెతికితే నేను కనపడేది ఒక్కటే దొరికింది. మూడో భాగం మొదలవుతుంటే తీసింది. తీబో వీపు కెమెరా వైపు, మంచు మీదికి వెళ్తున్నాడు. నేను టోపీ పెట్టుకుని, గడియ పట్టుకుని, వాడి కాళ్ళ వైపు చూస్తున్నాను. అదే మేకుకి ఎక్కింది. పానస్ మామ తన టోపీ తీసుకుని, కింద పెన్సిలుతో "ఓరెస్ట్ మెల్నిక్, ఆడినవాడు" అని రాశాడు. రెండేళ్ళకి ఆయన పోయాడు. బండి ఇప్పుడు నేను నడుపుతున్నాను. రోజూ మంచు తుడిచేటప్పుడు ఆ గోడ పక్కనుంచే తిరగాలి.

తీబో సంగతి నాకు ఆలస్యంగా తెలిసింది. ఆ సెప్టెంబరులో సాధనలో వాడి మోకాలు తిరిగిపోయింది. రెండు ఆపరేషన్లు చేసినా లాభం లేకపోయింది. మళ్ళీ పెద్ద లీగుకి రాలేదు. క్యాంటీన్‌లో ఎవరో వదిలేసిన లీగు రికార్డుల పుస్తకంలో వాడి పేరు వెతికాను. మ్యాచులు పంతొమ్మిది. సున్నా మ్యాచులు ఎన్ని అనే గడిలో సున్నా. అక్కణ్ణించి నాలుగైదు పేజీలు వెనక్కి తిప్పితే నా పేరుంది.

నంబరు సంపాదించడానికి ఏడాది పట్టింది, నొక్కడానికి ఇంకో ఏడాది. పోయిన ఆదివారం మధ్యాహ్నం రింకులో ఎవరూ లేనప్పుడు చేశాను. చికూటిమీ అనే ఊళ్ళో ఇళ్ళకి పైకప్పులు వేస్తున్నాడట. గొంతు బొంగురుపోయింది కానీ వాడే.

"తాతా! బతికున్నావా? మేకు సంగతేంటి, ఎక్కావా?"

"ఎక్కాను. నువ్వూ ఉన్నావు, వీపు కనపడుతుంది."

"నా వీపే బాగుంటుందిలే." నవ్వాడు.

ఏమేమో మాట్లాడాం. మోకాలు, పిల్లలు, మంచు. ఇక పెట్టేస్తాడనగా అడగబోయాను.

"రెజాన్, ఆ రోజు నీ స్కేటు..."

వాడు నన్ను ముగించనివ్వలేదు.

"ఊడిపోయింది కదా తాతా, రివెట్టు. నువ్వు గేటు దగ్గరే ఉన్నావుగా, చూళ్ళేదా?"

ఫోన్ పక్కనే గోడ మీద ఫోటో. అందులో నేను ఇంకా వాడి కాళ్ళ వైపే చూస్తున్నాను.

"చూశానురా. ఊడిపోయింది," అన్నాను.