ఊడ్చిన పూలు

ఆఖరి గంప కూడా నింపి షిగే నడుం నిటారు చేసింది. రాత్రి గాలికి సత్రం పెరట్లోని చెర్రీ చెట్టు పూలన్నీ దులిపేసుకుంది. ఇప్పుడు నాచు మీద ఒక్క రేకు లేదు. పని ముగిసింది కనక మధ్యాహ్నానికల్లా ఇల్లు చేరవచ్చు.

ఇంట్లో మొగుడు కిసబురో రెండు రోజులుగా నెత్తురు కక్కుతున్నాడు. తెల్లవారుతూ ఆమె బయలుదేరుతుంటే చెయ్యి పట్టుకున్నాడు. "తొందరగా వచ్చెయ్యవే. ఒక్కణ్ణే పోవాలంటే భయమేస్తోంది." ఎన్నడూ భయమన్న మాట ఎత్తని మనిషి.

"ఎంత పని చేశావే ముదనష్టపుదానా!" వసారాలోంచి యజమానురాలు మాత్సునో అరిచింది. "విరబూసిన పూలు ఎవడైనా చూస్తాడు. రాలినవి చూసి కంటతడి పెట్టుకుందామనేగా అతిథులు క్యోటో దాకా వచ్చేది! బోసి నాచు చూపించనా?"

పూలు రాలిన రోజు చీపురు ముట్టకూడదని ముప్పయ్యేళ్లుగా షిగేకి తెలుసు. మనసు ఇంటి దగ్గరుండిపోయింది. చేతులు వాటంతటవే ఊడ్చేశాయి.

"అమ్మగారూ, మా ఆయన..."

"మీ ఆయన ఏటా చస్తూనే ఉన్నాడు కదే! మళ్లీ చల్లి పో."

చల్లింది.

"కోళ్లకి నూకలేసినట్టుంది. రాలినట్టుండాలే, రాలినట్టు!"

నిచ్చెన వేసుకుని చెట్టెక్కింది. గుప్పెడు తీసి, గాలి వచ్చేదాకా ఆగి, వదలాలి. మళ్లీ గుప్పెడు. ఒక్కోసారి గాలి ఎంతకీ రాదు. గుప్పిట్లో రేకులు చెమటకి తడిసి ముద్దవుతాయి. వాటిని పారేసి ఇంకో గుప్పెడు తీయాలి. పొద్దు నడినెత్తికొచ్చి, వాలింది. ఇంకా ఒక గంప మిగిలింది.

పెరటి తలుపు దగ్గర ఆడపడుచు యాసు కనిపించింది. పరిగెత్తి వచ్చినట్టు జుట్టంతా రేగి ఉంది.

"దిగుతున్నానమ్మా, ఈ ఒక్క గంపా అయితే..."

"నెమ్మదిగా దిగు ఒదినా," అంది యాసు. "ఇంక తొందరేం లేదు."

షిగే గుప్పిట విప్పింది. ఆ రేకులు మాత్రం గాలి కోసం ఆగలేదు. దిగేటప్పుడు చివరి మెట్టు మీద కాలు తప్పింది. లేచి, వెనక్కి చూడకుండా నడిచి వెళ్లిపోయింది.

సాయంత్రం అతిథులు వసారాలో బారుగా కూర్చున్నారు. చెట్టు మొదట్లో పడున్నదాన్ని చూసి మాత్సునో నాలిక్కరుచుకుంది, తీసెయ్యడానికి గబగబా దిగింది.

"ఉండనీండమ్మా," అన్నాడొక ముసలి అతిథి, కళ్లు ఒత్తుకుంటూ. "ఎవరు అమర్చారో గాని, ప్రాణం విలవిల్లాడిపోతోంది."

మాత్సునో చెయ్యి వెనక్కి తీసుకుని వినయంగా తల వంచింది.

మడమ దగ్గర అరిగి, తెగిన తాడుకి గుడ్డపేలిక ముడేసిన గడ్డి చెప్పు ఒక్కటి నాచు మీద పక్కకి ఒరిగి ఉంది. కొమ్మల్లో చిక్కుకున్న రేకులు ఒకటొకటే దాని మీద రాలుతున్నాయి.