మేకకొమ్ము దుంప చిరునామా

మా ద్వీపంలో మొట్టమొదటి వెబ్‌సైటు కట్టినవాణ్ణి నేనే. డెబ్బై నాలుగేళ్ళ వయసులో, ఇంకొకరి చెయ్యి పడకుండా, పదకొండు రోజుల్లో కట్టాను. చిలీ దేశపు దక్షిణాన ఉన్న మా చిలోయే దీవులన్నీ గాలించినా అలాంటివాడు ఇంకొకడు దొరకడు. అనుమానముంటే మా రేవులో దిగి బౌదిలియో ఎవరని అడగండి. ఇల్లు చూపిస్తారు. చూపిస్తూ కాస్త నవ్వుతారు. ఆ నవ్వు సంగతికి తరవాత వస్తాను.

నా పని చెక్క పెంకులు చెక్కడం. మా ఇళ్ళ గోడలకు అవే తొడుగు. చేప ఒంటిమీద పొలుసుల్లాగా, కింది వరస తలమీద పై వరస అంచు పడేలా కొట్టుకుంటూ పోవాలి. ఒక్క పెంకు తప్పినా వాన లోపలికొచ్చి కూర్చుంటుంది. మా వానకు మొహమాటం లేదు.

మా అక్క క్లోరిందాకు ఎనభై నిండాయి. పెళ్ళి చేసుకోలేదు, బంగాళాదుంపల్ని చేసుకుంది. ఇంటి వెనక చేలో ఇరవై మూడు రకాలు, రకానికో సాలు. ఇరవై నాలుగో సాలు ఖాళీ. అది మేకకొమ్ము దుంపది. వంకరగా, నల్లటి ఊదారంగు తోలుతో ఉంటుంది. అడ్డంగా కోస్తే లోపల తెల్లటి వలయం, మబ్బులో చంద్రుడిలాగా. మా అమ్మ చేతి విత్తనం. మూడేళ్ళ కిందట తెగులొచ్చి, చేలోదీ అటకమీద దాచిందీ మొత్తం కుళ్ళిపోయింది. అయినా అక్క ఆ సాలు వదల్లేదు. ఏటా సముద్రపు నాచు మోసుకొచ్చి వేసేది, కలుపు తీసేది, రాని చుట్టానికి పక్క దులిపి పెట్టినట్టు.

ఆ ఏడు చలికాలం మొదట్లో, అంటే మా వైపు మే నెలలో, పొయ్యి దగ్గర కూర్చుని ఉన్ని వడుకుతూ అంది. "ఈ నాట్లకు కూడా అది రాకపోతే ఆ సాల్లో వెల్లుల్లి పెట్టేస్తానురా. ఉత్త నేలకు ఊడిగం చెయ్యడం ఇంక నావల్ల కాదు."

అక్క గొంతు మామూలుగానే ఉంది. కదురు మాత్రం ఆగింది. నాకు ఊహ తెలిసినప్పట్నుంచీ అక్క చేతిలో కదురు ఆగడం నేను చూడలేదు. నాట్లు సెప్టెంబరు ఆఖరికి. ఈలోగా ఎక్కడో ఒకచోట, ఎవరి అటకమీదో, ఒక్క మేకకొమ్ము దుంప బతికి ఉండాలి. దాన్ని దాచుకున్నవాళ్ళకు మా కబురు అందాలి.

మంగళవారాల్లో మా గ్రంథాలయంలో యస్నా అనే అమ్మాయి ముసలివాళ్ళకు కంప్యూటరు నేర్పుతుంది. వెళ్ళి, దీవులన్నిటికీ ఒకేసారి కేకెయ్యడం ఎలా అని అడిగాను. వెబ్‌సైటు కట్టుకోమంది. సాల్మన్ చేపలు పెంచే కంపెనీ ఒకటి మూటాముల్లే సర్దుకుని పోతూ పారేసిన కంప్యూటరు నా దగ్గరుంది. దూడంత బరువు, ఆవలించినట్టు చప్పుడు. దానిమీదే మొదలుపెట్టాను.

పని చూస్తే నాకు తెలిసిన పనే. పేజీ అంటే గోడ. ఒక్కో మాటకూ ముందొక గుర్తు, వెనకొక గుర్తు. తెరిచినదాన్నల్లా మూసుకుంటూ రావాలి. ఒకచోట మూయడం మరిచాను. పొద్దున్నే చూస్తే అక్కణ్ణుంచి కిందికి అక్షరాలన్నీ గాలివానకు ఒరిగిన కంచెలా వాలిపోయి ఉన్నాయి. ఆ ఒక్క గుర్తు వెతకడానికి నాలుగు రోజులు పట్టింది. దొరకగానే అన్నీ ఒకేసారి లేచి నిలబడ్డాయి. అంత మర్యాద నాకు ఈ ద్వీపంలో ఎవరూ చెయ్యలేదు.

లేని దుంపకు ఫోటో ఎక్కణ్ణుంచి తెస్తాం? అక్కే కళ్ళు మూసుకుని గుర్తుచేసుకుంటూ, నేరేడు రంగు పళ్ళ రసంతో కాగితంమీద బొమ్మ వేసింది. దాన్ని ఫోటో తీసి గోడకెక్కించాను. పక్కనే టోపీ పెట్టుకున్న నా ఫోటో. కింద మా కథ నాలుగు ముక్కల్లో, ఆ కింద మాకు ఉత్తరం రాయడానికి ఒక కిటికీ. అప్పటికి జూలై వచ్చింది.

ఊరంతా వచ్చి చూసింది. ఎద్దులున్న ఎలియాసర్ చాలాసేపు చూశాడు. "బాగానే ఉంది బౌదిలియో. కానీ నీ ఫోటో తీసెయ్. చూసినవాళ్ళు ఇందులో ఏది దుంపో తేల్చుకోలేరు" అన్నాడు.

నేను పట్టించుకోలేదు. తెర నెత్తిమీద ఒక పొడుగు గీతలో చిరునామా కనబడుతోంది. దాన్ని అక్షరం పొల్లుపోకుండా నలభై కాగితాల మీద రాశాను. ఒకటి రేవులో మేకు కొట్టి తగిలించాను. మిగతావి పడవ నడిపేవాడికిచ్చి దీవి దీవికీ పంచమన్నాను.

తరవాత ఎదురుచూపు. జూలై అంతా పొగమంచు. రోజూ లేవగానే పేజీ తెరిచేవాణ్ణి. బొమ్మ ఉంది, నేనున్నాను, కిటికీ ఉంది. కిటికీలో ఎవరూ లేరు. ఆగస్టు గడిచింది. సెప్టెంబరు మొదటి వారం అక్క పక్కింటినుంచి వెల్లుల్లి పాయలు తెచ్చి గుమ్మం పక్కన పెట్టింది.

ఆ వారమే యస్నా రేవులో నా కాగితం చదివింది. చదివి, అక్కడున్న తాళ్ళ చుట్టమీద కూలబడిందట. తరవాత మా ఇంటికొచ్చింది.

"దోన్ బౌదిలియో, ఇది మీ బల్లమీదున్న పెట్టెలోకి దారి. బయటివాళ్ళెవరూ ఈ దారిన రాలేరు."

"నాకు కనిపిస్తోంది గదమ్మా?"

"మీ ఇంట్లో కూర్చుని చూస్తే మీకు కనిపిస్తుంది. అంతే."

రెండు నెలలపాటు నేను నా ఇంటికి నేనే అతిథినన్నమాట. ఇల్లు కట్టాను, బాగానే కట్టాను, కానీ దారే లేని అడవి మధ్య కట్టాను. యస్నా నిదానంగా చెప్పింది. ఈ ఇంటిని తీసుకెళ్ళి, ఎప్పుడూ ఆరిపోని యంత్రంలో ఎక్కడో ఒక చోట పెట్టాలి. గ్రంథాలయాలకు అలాంటి జాగా ఉచితంగా ఇస్తారు. అప్పుడే లోకానికి కనబడుతుంది. ఆ చోటికి గాలి ఎక్కువా అని అడిగాను. లేదంది. ఇల్లు ఎంత దూరం జరపాలని అడిగాను. వెయ్యి కిలోమీటర్లు ఉండొచ్చంది.

ఇల్లు జరపడం అనే మాట వినగానే నాకు బెంగ తీరింది. అది మాకు పుట్టుకతో వచ్చిన విద్య. నాకు ఆరేళ్ళప్పుడు మా ఇంటిని ఇప్పుడున్న చోటికి సముద్రం మీదుగా తెచ్చారు. దుంగలమీద ఒడ్డుకు దొర్లించి, పీపాలు కట్టి నీళ్ళలో వదిలి, పన్నెండు పడవలు లాగాయి. పన్నెండేళ్ళ అక్క పొయ్యి ఆరిపోకుండా లోపలే కూర్చుంది. పొగగొట్టంలోంచి పొగ పోతుండగా మా ఇల్లు పొగమంచులో తేలుతూ వెళ్ళడం నేను ఒడ్డునుంచి చూశాను. కిటికీలోంచి అక్క చెయ్యి ఊపింది. దాన్ని మింగా అంటాం. ఇల్లుగలవాడు పిలుస్తాడు, ఊరు లాగుతుంది, ఇల్లుగలవాడు కడుపునిండా పెడతాడు. ఆ రోజు అమ్మ, లాగినవాళ్ళందరికీ తలో ఒడినిండా మేకకొమ్ము విత్తనం ఇచ్చింది.

మింగాకు కబురంపితే సరిపోదు. గడప గడపకూ స్వయంగా వెళ్ళాలి, టోపీ తీసి అడగాలి. ముప్ఫయ్యొక్క గడపలు తిరిగాను. ఈసారి బలం అక్కర్లేదు, మీ ఫోన్లు కావాలన్నాను. ఇల్లు బయల్దేరాల్సింది గ్రంథాలయంనుంచి, అక్కడికి ఇంటర్నెట్టు ఇచ్చేది ఎదురు గుట్టమీద మాకున్న ఒక్క టవరే. నలుగురు ఒకేసారి ఫోను పట్టుకుంటే దానికి ఊపిరాడదు. ఇల్లు కదిలేంతసేపు ఊరంతా ఫోన్లు ఆపి, అక్క ఉన్నిబుట్టలో పెట్టాలి. కాదన్నవాళ్ళు లేరు. "తిండి మటుకు పాత మింగా లాగే ఉండాలి" అన్నాడు ఎలియాసర్.

ఆదివారం పొద్దున ఎలియాసర్ జత ఎద్దుల్ని కొమ్ములకు జెండాలు కట్టి తోలుకొచ్చాడు. కంప్యూటరును దుప్పట్లలో చుట్టి, చెక్క బండిమీద పెట్టి, తాళ్ళు బిగించాం. చక్రాల్లేని బండి, తడి గడ్డిమీద జారిపోతుంది. పొగమంచు మోకాళ్ళదాకా ఉంది. ఎద్దుల కాళ్ళు కనబడవు, బండి కనబడదు, దుప్పటి చుట్టిన మూట ఒక్కటే మంచుమీద తేలుతూ గ్రంథాలయం వైపు పోతోంది. అందరూ తాడుమీద తలా ఓ చెయ్యి వేశారు.  నాకు మళ్ళీ ఆరేళ్ళు వచ్చినట్టనిపించింది.

యస్నా తీగలు కలిపింది. ఇల్లు ఎంత దూరం వెళ్ళిందో చూపించే పచ్చటి గీత ఒకటి తెరమీద పాకడం మొదలైంది. బయట గుంటలో కాలిన రాళ్ళమీద ఆల్చిప్పలూ పంది మాంసమూ పెద్దాకుల కింద ఉడుకుతున్నాయి. సగం దాకా పాకి గీత ఆగింది. అందరం దాన్నే చూస్తున్నాం. అప్పుడు ఎలియాసర్ జేబులో పాట మోగింది.

"ఫుట్‌బాల్ స్కోరు చూద్దామని..." అన్నాడు.

అక్క బుట్ట పట్టుకుని అతని ముందుకెళ్ళి నిలబడింది.  అతను ఫోను బుట్టలో వేసి, ప్రాయశ్చిత్తం కోసమేమో, బయటికెళ్ళి తాడు పట్టుకుని లాగడం మొదలుపెట్టాడు. ఎద్దులు విప్పేసిన బండి, దానిమీద ఏమీ లేదు. అయినా ఇంకో పదిమంది వెళ్ళి పట్టుకున్నారు. గీత కదిలింది. వాళ్ళు లాగుతున్నంతసేపూ కదిలింది. కిటికీ అవతల పొగమంచులో, పొగగొట్టంనుంచి పొగ వదులుతూ నా ఇల్లు సముద్రంమీద ఉత్తరం వైపు పోవడం నేను కళ్ళారా చూశాను.

ఇప్పుడు మొదట చెప్పిన గొప్పలు విప్పేస్తాను. ఒక్కణ్ణే కాదు, ముప్ఫయ్యొక్క గడపలూ, జత ఎద్దులూ, యస్నా కట్టాం. పదకొండు రోజులు కాదు, ఐదు నెలలు. ఎక్కడినుంచి వచ్చిందో ఆ పదకొండు, నాకా అంకె ఇష్టం. ఇంకొకటి. అందరూ తిని వెళ్ళాక యస్నా జేబులోంచి చిటికెనవేలంత పెన్‌డ్రైవు తీసి చూపించింది. ఇల్లు మొత్తం ఇందులో పట్టేదట, కంప్యూటరు తేనక్కర్లేదట. మరి ముందే చెప్పలేదేమని అడిగాను. ఎద్దులకు అప్పటికే జెండాలు కట్టేశారు కదా అంది. రేవులో నవ్వేది అందుకే.

పేజీ అడుగున ఎంతమంది వచ్చారో చెప్పే అంకె ఉంది. మొదటిరోజు ఒకటి. అది నేను. మర్నాడు ముప్ఫయ్యెనిమిది, అదంతా మా ఊరే. తొమ్మిదో రోజున కిటికీలో ఉత్తరం. దక్షిణాన ఒక దీవినుంచి రొసెందా అనే ఆమె రాసింది. వాళ్ళ నాన్న చిన్నప్పుడు ఒక ఇంటిని నీళ్ళమీద లాగిన పడవల్లో ఒకదానిమీద తెడ్డు వేశాడట. ఆ ఇల్లుగల అమ్మ ఇచ్చిన దుంపల్ని ఇప్పటికీ నాటుతున్నారట. ఆ ఇంటి కిటికీలోంచి చెయ్యి ఊపిన పిల్ల గురించి నాన్న చివరిదాకా చెప్పేవాడని రాసింది.

నాట్లకు రెండు రోజులుందనగా పడవలో ఒక ఉన్ని మేజోడు వచ్చింది. అందులో ఏడు దుంపలు. అక్క ఒకటి తీసి అడ్డంగా కోసింది. తెల్లటి వలయం. చాలాసేపు చూసి, నా వైపు తిరిగి, "బాగా కట్టావురా తమ్ముడూ" అంది.

వెల్లుల్లి పాయలు కూరలోకి పోయాయి.

ఇందులో నేను కల్పించింది ఏమిటని మీరు వెతుకుతుంటారు. ఎద్దులనుకుంటారు. కాదు, ఎద్దులు వచ్చాయి, జెండాలతో సహా. నీళ్ళమీద ఇల్లు కూడా నిజమే. నేను కల్పించింది అక్క నోట ఆ ఒక్క మెచ్చుకోలు మాటే. నిజానికి ఆమె దుంప రెండు ముక్కలూ నా చేతిలో పెట్టి, "మొలక కన్ను పైకి ఉండేలా పాతు. గునపం అక్కడుంది, నిలబడి చూస్తావేం" అంది.